అప్రస్తుత ప్రసంగము

అష్టావధానమును చూచినవారికి అప్రస్తుత ప్రసంగియను పృచ్ఛకుని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. సమస్యనిచ్చువాడు, దత్తపది నిచ్చువాడు, నిషేధాక్షరి నడుపువాడు, వీరందరును అవధానికి పరీక్షకులే యైనను పద్యముతో సంబంధము కలవారు. ఈయనకు మాత్రము పద్యముతో పనిలేదు. అవధాని యొక పాదమును పూరించుటకు పదము వెదకుకొనుచున్న సమయము కనిపెట్టి, "అవధానిగారూ, నిన్న మీ యింట వంకాయకూరలో ఉప్పెక్కువైనదట, నిజమేనా?" అని యడుగును. సభ నవ్వును. అవధానియు నవ్వి, చమత్కారముగ బదులు చెప్పి, విడిచిన చోటనే మరల తన పాదమును పట్టుకొనవలెను. పట్టుకొనలేనిచో ధారణ తప్పును. అవధానమనగా ఏకాగ్రతయే కదా. దానిని చెదరగొట్టుటయే ఆ ప్రసంగి ఉద్యోగము.

మొన్నటి శనివారము హిందూపురమునుండి బస్సులో పెనుకొండకు పోవుచుండగా నాకీ పృచ్ఛకుడు జ్ఞప్తికి వచ్చెను. కిటికీప్రక్కన చోటు దొరకినది. మా బస్సు డ్రైవరు దారి పొడవునను ఫోను ముట్టలేదని ముందుగనే చెప్పుట న్యాయము. మమ్ము దాటిపోవుచున్న మోటారు సైకిళ్లవారి సంగతి వేరు. తల నొక ప్రక్కకు వంచి, చెవికిని భుజమునకును నడుమ ఫోనును ఇరికించుకొని, నడుమును కొంచెము మెలిత్రిప్పి పోవుచున్న ఆ యువకులను చూచినచో మురళీకృష్ణుని త్రిభంగి జ్ఞాపకము రాకపోదు. మురళి మాత్రము లేదు. కొందరు ఫోనును హెల్మెట్టులోనికే దూర్చిరి. ప్రాణరక్షణకై పెట్టుకొన్నది ఫోనునకు గూడైనది. ఇట్టివారిని లెక్కపెట్టుటకు మొదలిడి సోమందేపల్లి రాకమునుపే మానుకొంటిని.

ఒక ఆటో మాత్రము నా మనస్సును విడువలేదు. అందు బడిపిల్లలు ఎనమండుగురో తొమ్మండుగురో కలరు. వారి పుస్తకాల సంచులు బయటికి వ్రేలాడుచుండెను. నడుపువాని కొక చేత హ్యాండిలు, రెండవ చేత ఫోను. ఏదో హాస్యము కాబోలు, నవ్వుచుండెను. అతడు ఎవరితో మాటలాడుచుండెనో నాకు తెలియదు. అవతలనున్న వారికి మాత్రము, తాము అంతమంది పిల్లల నడుమ కూర్చుండి మాటలాడుచున్నామని తెలిసియుండదు. నేటి నా ప్రసంగము ముఖ్యముగ ఆ అవతలివారిని గూర్చియే.

పరుల తప్పులెన్నుటకు ముందు నా తప్పు చెప్పుకొందును. కొన్ని యేండ్లకు పూర్వము నేను పెనుకొండ వైపున ఒక పాఠశాలలో పని చేయుచు, హిందూపురమున కాపురముండి, ప్రతిదినమును మోటారు సైకిలుపై పోయి వచ్చుచుంటిని. ఒకనాటి సాయంకాలము త్రోవలో ఫోను మ్రోగినది. మా యింటినుండి. "వచ్చేటప్పుడు కరివేపాకు తీసుకురండి, మరిచిపోకండి" అని మొదలైనది. కరివేపాకుతో ఆగినచో ఏమయ్యెడిదో చెప్పలేను. అచ్చటినుండి మాట మా చెల్లెలి కుమార్తెకు వచ్చిన సంబంధము మీదికి మరలినది. వరుడు బెంగుళూరులో ఉద్యోగి; జీతమెంత, ఇల్లు సొంతమా అద్దెయా, తల్లికి చక్కెరవ్యాధి యున్నదట నిజమా, ఇట్లు సాగుచుండెను. నేను ఒక చేత బండి నడుపుచు, "ఊఁ" కొట్టుచు, నడుమ నడుమ ప్రశ్నలు వేయుచుంటిని.

ఎదుట గొర్రెలమంద రోడ్డు దాటుచున్నది. కన్నులు తెరచియే యున్నవి. ఎండయు కంటిలో పడుట లేదు. రోడ్డు తిన్ననిది. అయినను నేను చూడలేదు. కాపరి తన కర్రను అడ్డముగ చాచి కేక వేయువరకు నాకా మంద యున్నట్లే తెలియదు. బండి ఒరిగి కంకరపై పడితిని. మోచేయి చీరుకొనినది. ఒక గొర్రెపిల్లకు కాలు విరిగినది. ఆ వృద్ధుడు దానిని చంక నెత్తుకొని నావైపు చూచి ఒకే మాట యడిగెను: "కండ్లు యాడ పెట్టుకోని వస్తాండావు సామీ?"

నేను జేబులోనున్న డబ్బు తీసి యిచ్చితిని. అతడు లెక్క చూడక పుచ్చుకొని, మాటలాడకయే మందను దాటించుకొని పోయెను. అతని ప్రశ్నకు మాత్రము నాడు నేను బదులు చెప్పలేకపోతిని. ఆ రాత్రి మోచేతికి కట్టు కట్టించుకొనుచు ఆలోచించితిని. ఫోను మ్రోగినది మొదలు క్రింద పడువరకు మూడు నాలుగు నిమిషములు గడచియుండును. రెండు కిలోమీటర్లకు పైగా వచ్చియుందును. ఆ దూరములో ఒక కల్వర్టు, ఒక మలుపు, ఒక పల్లె కలవు. వానిలో ఒక్కదానినైనను దాటినట్లు జ్ఞాపకము లేదు. వరుని జీతము మాత్రము నేటికిని జ్ఞాపకమున్నది. కాపరికి సరియైన సమాధానము అప్పుడు దొరకినది. నా కన్నులు బెంగుళూరులో పెండ్లికొడుకు ఇంట నుండెను.

ఇది నా యొక్కని మందబుద్ధి యని తలచి కొంతకాలము సిగ్గుపడితిని. పిమ్మట చదువగా, మానవమాత్రుల కెల్లరకును ఇది సహజమని తెలిసినది. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ అను ఇరువురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. కొందరు బంతి నొకరికొకరు అందించుకొను చలనచిత్రమును చూపి, ఒక జట్టువారు ఎన్నిమారులు బంతిని అందించుకొనిరో లెక్కింపుడని ప్రేక్షకులతో చెప్పిరి. చిత్రము నడుమ గొరిల్లా వేషము ధరించిన మనిషి తెర నడిమికి వచ్చి, రొమ్ము చరచుకొని, తాపీగ వెడలిపోవును. లెక్కలో మునిగిన ప్రేక్షకులలో సుమారు సగముమంది ఆ గొరిల్లాను చూడనే లేదు. చూపు దాని మీదనే పడియున్నను మనస్సు దానిని గ్రహింపలేదు. ఉపాధ్యాయ మిత్రులు ఈ చిత్రమును తరగతిలో చూపవచ్చును. ఒక గంటసేపు ఉపన్యసించుటకంటె అది మేలైన పాఠము. ముందుగా గుట్టు చెప్పరాదు, అంతే.

ఇక రోడ్డు సంగతి. కెనడాలోని టొరంటోలో రెడెల్మియర్, టిబ్షిరానీ అను పండితులు, ఫోనులు కలిగి ప్రమాదములకు లోనైన 699 మంది డ్రైవర్ల ఫోను లెక్కలను పరిశీలించి, 1997లో తమ ఫలితములను వెల్లడించిరి. ఫోనులో మాటలాడుచున్న వేళ ప్రమాదము జరుగు అవకాశము సుమారు నాలుగు రెట్లు పెరుగుచున్నదని వారు తేల్చిరి. ఇంతకంటె గమనింపదగిన విషయ మింకొకటి కలదు. ఫోనును చేతితో పట్టుకొన్నవారికిని, పట్టుకొనకయే మాటలాడినవారికిని నడుమ చెప్పుకోదగిన భేదము వారికి కనబడలేదు.

ఈ రెండవ విషయమును మనవారు ఏ మాత్రమును నమ్మరు. చెవిలో చిన్న బిరడావంటి సాధనము పెట్టుకొని, "చేతులు రెండూ హ్యాండిలు మీదనే ఉన్నాయి సార్, ఇంకేం భయం?" అని నా పూర్వశిష్యుడొకడు నాతో వాదించెను. చేతుల వరకు అతడు చెప్పినది నిజమే. కాని బండిని నడుపునది చేతులా? అమెరికాలో యూటా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ స్ట్రేయర్, ఆయన సహచరులు ఈ విషయముననే చాలకాలము కృషి చేసిరి. కృత్రిమ వాహనమున మనుష్యులను కూర్చుండబెట్టి, చేతులతో పనిలేని ఫోనులో మాటలాడించుచు నడిపించి, కన్నులు దేనిమీద పడుచున్నవో యంత్రముతో కనిపెట్టిరి. త్రోవప్రక్క బోర్డులపై చూపు నిలిచినను, తరువాత అడిగినచో వానిని చూచిన జ్ఞాపకము వారికి బాగుగ తగ్గియుండెను. నా కల్వర్టు, నా పల్లె వలెనే.

ప్రక్కన కూర్చున్నవారితో మాటలాడుట లేదా యని కొందరందురు. ఇది తేలికగ త్రోసివేయదగిన ప్రశ్న కాదు. లారీలో డ్రైవరు ప్రక్క క్లీనరుండును. హైదరాబాదునుండి బెంగుళూరు వరకు ఆ 44వ జాతీయ రహదారిపై వారిరువురును రాత్రంతయు మాటలాడుకొనుచునే పోవుదురు. ఆ మాటలు లేనిచో డ్రైవరుకు నిద్ర వచ్చును. కాని క్లీనరు ఏమి చేయునో గమనింపుడు. ఎదుట బస్సు హద్దు దాటి వచ్చుచున్నచో మాటను నడుమనే మింగును. "అన్నా, చూడు" అనును. మలుపు తిరుగువరకు ఊరకుండి, తిరిగిన పిమ్మట విడిచిన మాట నందుకొనును. అనగా అతడు డ్రైవరు అవధానములో పాలుపంచుకొనుచున్నాడు. అతనికి రెండు కన్నులు కలవు, అవి కూడ అదే రోడ్డు మీద నున్నవి. ఫోనులో అవతలివానికి రోడ్డు కనబడదు. మలుపు వచ్చినదని అతడు మాట నాపడు. పైగా ఇవతలివాడు రెండు క్షణములు మౌనము వహించినచో, "ఏమప్పా, వినపడతా ఉందా? హలో, హలో" అని రెట్టించి యడుగును. సరిగా డ్రైవరు మౌనముగ నుండవలసిన క్షణముననే అతనిని పలికించును. అప్రస్తుత ప్రసంగి యనగా ఇతడు కాక మరియెవరు?

"నాకు రెండు పనులు ఒక్కమారు చేయుట అలవాటే" యని చెప్పువారి కొరకు ఇంకొక మాట. అవధాని సహితము ఎనిమిది పనులను ఒకే క్షణమున చేయడు. ఒక పృచ్ఛకునికి ఒక పాదము చెప్పి, దానిని మనస్సులో భద్రపరచి, తరువాతి పృచ్ఛకుని వైపు తిరుగును. ఆవృత్తముల వెంట ఒకదాని తరువాత నొకటిగ పూరించి, తుదకు అన్నింటిని ధారణ చేయును. ఆయన గొప్పతనము ఆ మరలుటలోను, మరల జ్ఞాపకము చేసికొనుటలోను కలదు. దానికై ఏండ్ల తరబడి సాధన చేసెను. అదియును జంపఖానాపై కూర్చుండి! ఆయన ఘంటల లెక్క తప్పినచో సభలో ఒక నిట్టూర్పు వినబడును, అంతకంటె నష్టము లేదు. మోటారు సైకిలువాడు మాటనుండి రోడ్డునకు మరలివచ్చు లోపల ఎంత నేల గడచిపోవునో గణితోపాధ్యాయులు పిల్లలచేత కట్టింపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు పదునారున్నర మీటర్లకు పైమాట. వచ్చిన సందేశమును చదువుటకు అయిదు సెకనులు పట్టినదనుకొందము. 83 మీటర్లు కన్నులు మూసికొని పోయినట్లు. రహదారిపై 80 కిలోమీటర్ల వేగమైనచో 111 మీటర్లు. ఆ కొలతను పాఠశాల ఆటస్థలములో ముగ్గుతో గీయించి, ఒక మొదట నుండి కడవరకు కన్నులు మూసికొని నడువుమని విద్యార్థులను కోరినచో పది అడుగులు దాటకమునుపే కన్నులు తెరతురు.

ఈ ప్రాంతమున త్రోవ యెంత నిర్దయమో మనకు తెలియనిది కాదు. 2012 మే 22న తెల్లవారకమునుపే పెనుకొండ స్టేషనులో ఆగియున్న గూడ్సు రైలును హంపీ ఎక్స్‌ప్రెస్సు ఢీకొనినది. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ ఇంజను ఎర్రదీపమును దాటి వచ్చినది. 2015 జనవరి 7న మడకశిరనుండి పెనుకొండకు వచ్చుచున్న బస్సు ఘాటు రోడ్డున లోయలో పడినది. పదిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి; వారిలో అధికులు చదువుకొనుటకై పెనుకొండకు వచ్చుచున్న విద్యార్థులు. ఆ దినము మా పాఠశాలలలో ఏ పాఠమును జరుగలేదు. ఈ రెండు దుర్ఘటనలకును ఫోను కారణమని నేననుట లేదు, అట్లనుట అన్యాయము. ఒక దీపమును చూడకపోవుటకు, ఒక మలుపును అందుకొనలేకపోవుటకు ఎంత మూల్యమో ఇక్కడివారికి పుస్తకములనుండి నేర్పనక్కరలేదని చెప్పుటయే నా యుద్దేశము.

ఫోనే కారణమని నిర్ధారణమైన సంఘటన కావలెనన్నచో అమెరికాలో కలదు. 2008 సెప్టెంబరు 12న కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ అనుచోట ప్రయాణికుల రైలు ఎర్రదీపమును దాటిపోయి ఎదుటి గూడ్సు రైలును ఢీకొనినది. 25 మంది మరణించిరి. విచారణలో తేలినదేమనగా, రైలు నడుపువాడు తన ఫోనునుండి ఎవరికో సందేశములు పంపుచుండెను. కడపటి సందేశము ప్రమాదమునకు 22 సెకనుల ముందు పోయినది. ఆ దేశమున ఫోను సంస్థల లెక్కలను తెప్పించి క్షణములతో సహా పోల్చిరి గనుక ఈ సంగతి బయటపడినది.

మనదేశమున ఇట్లు తేలుట అరుదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2021లో రోడ్డు ప్రమాదములలో 1,53,972 మంది మరణించిరి. వారిలో ఫోను వాడకమువలన మరణించినవారు 1,040 మంది యని వ్రాయబడినది. నూటికి ఒకరు కూడ కాలేదు! ఈ లెక్కను చూచి సంతోషించువా రుందురేమో. నాకు మాత్రము నమ్మకము లేదు. మద్యము త్రాగినవానిని నోటి వాసన పట్టి యిచ్చును, రక్తపరీక్ష కలదు. ఫోనులో మాటలాడినవానికి ఏ వాసనయు లేదు. బండి పడగానే ఫోను పొదలలో పడును, లేదా ప్రాణముతో నున్నవాడు దానిని జేబులో వేసికొనును. పంచనామాలో "అతివేగము" అని వ్రాసికొందురు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట యొద్ద, కాపలాలేని రైలుగేటు దాటుచున్న పాఠశాల బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పసిబిడ్డలు మరణించినప్పుడు, డ్రైవరు ఫోనులో మాటలాడుచుండెనని పత్రికలలో వచ్చినది. ఆ డ్రైవరు కూడ అందే మరణించెను. ఇక అడుగుట కెవరున్నారు?

చట్టము లేదా యన్నచో, కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమందలి 184వ సెక్షనును సవరించి, చేతిలో పట్టుకొను ఫోనును వాడుచు బండి నడుపుటను అపాయకరమైన చోదనములలో స్పష్టముగ చేర్చిరి. 2019 సెప్టెంబరు 1 నుండి అది అమలులోనికి వచ్చినది. మొదటి తప్పునకు ఆరు మాసములకు తగ్గక ఏడాది వరకు కారాగారము గాని, వేయి మొదలు అయిదువేల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2020 అక్టోబరునుండి, త్రోవ తెలిసికొనుటకు మాత్రము, అదియు డ్రైవరు ఏకాగ్రత చెడకుండ, ఫోనును వాడుకొనవచ్చునను నిబంధన వచ్చినది. పదునెనిమిది నిండని పిల్లవానికి బండి యిచ్చి, వాడు నేరమొనర్చినచో తండ్రికి మూడేండ్ల శిక్షయు, ఇరువదియైదువేల జుల్మానాయు పడవచ్చునని కూడ ఆ సవరణలోనే కలదు. మా యూరి తండ్రులలో ఎందరికీ సంగతి తెలియును? తొమ్మిదవ తరగతి పిల్లవాడు బండిపై బడికి వచ్చుటను గొప్పగ చెప్పుకొనువారిని నేనెరుగుదును.

కాని చట్టము చేతిని చూచును, మనస్సును చూడలేదు. చెవిలో బిరడా పెట్టుకొన్నవాడు దానికి చిక్కడు. అవతలినుండి ఫోను చేసినవాడు అసలే కనబడడు.

అతనిని గూర్చి ఒక న్యాయస్థానము ఆలోచించినది. తెలుగువారు విశేషముగ కాపురములున్న న్యూజెర్సీలో 2009లో ఒక పదునెనిమిదేండ్ల కుర్రవాడు, స్నేహితురాలు పంపిన సందేశమునకు బదులు వ్రాయుచు ట్రక్కును నడుపగా, అది గీత దాటి ఎదుట మోటారు సైకిలుపై వచ్చుచున్న దంపతులను కొట్టినది. ఇరువురును చెరియొక కాలు కోల్పోయిరి. వారు ఆ కుర్రవాని మీదనే కాక, సందేశము పంపిన బాలిక మీదను దావా వేసిరి. 2013 ఆగస్టులో ఆ రాష్ట్రపు అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. అవతలివాడు బండి నడుపుచున్నాడనియు, నడుపుచునే తన సందేశమును చూచుననియు తెలిసియుండి పంపినవానికి కూడ బాధ్యత యుండవచ్చునని నిర్ణయించినది. ఆ బాలికకు అట్లు తెలిసినట్లు ఋజువు లేనందున ఆమెను విడిచిపెట్టిరి. ఫోను చేయువారినెల్ల మనదేశమున జైలుకు పంపవలెనని నేను కోరుట లేదు. కాని ఆ న్యాయమూర్తులు వేసిన ప్రశ్న యెంత సహజమైనది! బండిలో లేనివాడు కూడ బండిలో నుండవచ్చును.

మన త్రోవలపై బండ్లలో కనబడక కూర్చున్నవారెవరో చూతము. హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టునకు గూళ్లు తెచ్చుచున్న వ్యాను డ్రైవరుకు రైతు ఫోను చేయును: "యాడున్నావప్పా?" ధర్మవరమున చీరల కొట్టు యజమాని, సరకుతో బయలుదేరిన గుమాస్తాకు ఫోను చేయును. 2019లో కియా కార్ల కర్మాగారము పని ప్రారంభించిన పిమ్మట ఎర్రమంచి చుట్టును అద్దె వాహనముల రాకపోకలు హెచ్చినవి; ఆ డ్రైవర్లకు పైవారినుండి పిలుపులు. లారీ యజమాని గంటకొకమారు. ఇంటింటికి సరకులందించు కుర్రవానికైతే ఫోనే అన్నము పెట్టునది. మ్రోగినప్పుడు ఎత్తకున్నచో వాని నాటి కూలి తగ్గును. వానితో "ఫోను ఎత్తకుము" అనుట సులభము, ఎత్తకపోవుట సులభము కాదు. అందుచేతనే తప్పునంతయు నడుపువాని మెడకు చుట్టుట నాకు సమ్మతము కాదు. వీరందరికంటె అధికముగ ఫోను చేయువారు మనవారే. తల్లి, భార్య, బిడ్డ. ప్రేమచేతనే చేయుదురు. "జాగ్రత్తగా వస్తున్నావా నాయనా?" అని అడుగుటకై వాని జాగ్రత్తను చెడగొట్టుదురు.

ఉపాధ్యాయులైన పాఠకులు నొచ్చుకొనరని తలచి మన యింటి సంగతియు చెప్పెదను. పల్లె పాఠశాలలలో పనిచేయువారిలో చాలమంది హిందూపురము, పెనుకొండ, ధర్మవరములనుండి బండ్లపై పోవువారే. ఉదయము ఎనిమిదిన్నరకును తొమ్మిదింటికిని నడుమ వారందరును త్రోవలో నుందురు. సరిగా ఆ వేళనే ఫోనులు మ్రోగును. ప్రధానోపాధ్యాయుడు నేటి పనిని గుర్తుచేయును. తోటివారు సెలవు సంగతి చెప్పుదురు. విద్యార్థి తండ్రి "మావాడికి జరం సార్" అనును. వాట్సాప్ గుంపులో పైయధికారి అడిగిన లెక్క వచ్చి పడును. 2022నుండి ఫోనులో ముఖము చూపి హాజరు వేసికొను పద్ధతి కూడ వచ్చినందున గడియారము మీది తొందర ఇంకొకటి చేరినది. పది నిమిషములు ఆలస్యమగుట తప్పే. కాని ఆ తప్పును తప్పించుకొనుటకై త్రోవలో ఫోను చూచుకొనుచు వచ్చిన ఉపాధ్యాయుడు, మధ్యాహ్నము పిల్లలకు రోడ్డు భద్రతను గూర్చి ఏ ముఖముతో చెప్పును? ప్రధానోపాధ్యాయులు ఆ అరగంటసేపు ఎవరికిని ఫోను చేయమని నియమము పెట్టుకొన్నచో, ఏ ఉత్తరువును అక్కరలేదు, ఏ ఖర్చును లేదు. నేను పనిలో నున్నప్పుడు ఈ యూహ నాకే తోచలేదు. విశ్రాంతి తీసికొనిన తరువాత తోచినది. ఇట్టి యూహలు సాధారణముగ అప్పుడే తోచును.

ప్రతి సంవత్సరమును జనవరిలో భద్రతా మాసోత్సవములని వ్యాసరచన పోటీలు పెట్టుదురు. పిల్లలు చక్కగ వ్రాయుదురు, బహుమతులిత్తుము. దానివలన చేతివ్రాత బాగుపడుచున్నదని నా యనుభవము. అంతకంటె చిన్న పని యొకటి వారిచేత చేయింపవచ్చును. ఫోను చేసినప్పుడు "హలో" అనిన వెంటనే "బండి మీద ఉన్నావా?" అని యడుగుట. ఔనన్నచో "ఆగినాక చెయ్యి" అని పెట్టివేయుట. భోజనమునకు కూర్చున్నవానిని లేపరాదని, సంధ్యవార్చువానిని పలుకరింపరాదని మన పెద్దలకు చెప్పిన చట్టమేది? అది మర్యాద. సెల్‌ఫోను మన దేశమునకు 1995లో వచ్చినది. దానికి తగిన మర్యాద ఏర్పడుటకు ముప్పదియేండ్లు చాలలేదు. పెద్దవారు నేర్వరు, పిల్లలు నేర్చి యింటికి తీసికొనిపోవలెను. తండ్రి బండి మీదనున్నప్పుడు ఫోను ఎత్తినచో, పది సంవత్సరముల బిడ్డ "నాయనా, మళ్లీ చేస్తాలే" అని పెట్టివేయుటకంటె వానికి సిగ్గు కలిగించునది వేరొకటి యుండదు.

ఇంట్లో ఈ నియమమును పెట్టుట ఎంత కష్టమో కూడ చెప్పవలెను. గడచిన వారము మా యల్లుడు ధర్మవరమునుండి చీకటిపడు వేళ బయలుదేరెను. ఎన్.ఎస్. గేటు, పెనుకొండ మీదుగ రావలెను. వాన పట్టినది. ఎనిమిదైనది, ఎనిమిదిన్నరయైనది. మా యింటావిడ రెండుమారులు వాకిటికి పోయి వచ్చి, "ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోకూడదా?" అనెను. "బండి మీద ఉంటాడు గదా" అంటిని. అంటిని గాని ఫోను నా చేతిలోనే యున్నది. వాని పేరు కూడ తెరమీద కనబడుచున్నది. ఆమె నావైపు చూచుచుండగా దానిని అల్మారాలో పెట్టి తలుపు మూసితిని. ఆ ముప్పావు గంట మేమిరువురమును ఒక్క మాట ఆడుకొనలేదు.

తొమ్మిదిం బావుకు వాకిట బండి చప్పుడైనది. ఆమె లేచి అన్నము వేడి చేయుటకు లోనికి పోయినది.